అత్తమ్మ తిట్లు, నా ఉత్తరాలు

మా అత్తమ్మ పోయిన నెల కన్నుమూసింది. బుధవారం పొద్దున నేను దీపం పెట్టి, హారతి కళ్లకద్దుదామని మంచం దగ్గరికి వెళ్లేసరికి అప్పటికే వెళ్లిపోయింది. కొత్తపేటలో మా ఇంట్లోనే, తన మంచం మీదే. బంధువులకు మా ఆయన ఫోన్లు చేశాడు. మిగతావాళ్లకు ఎవరు చెప్పారో తెలియదు కానీ, పదింటికల్లా నా ఫోన్ మోగడం మొదలైంది.

"వదినా, నేను నాలుగో నంబరును. అమ్మ పోయిందంటున్నరు, నిజమేనా?"

"వదినా, తొమ్మిదో నంబరు మాట్లాడుతున్న. వరంగల్‌ల ఉన్న, బయలెల్లిన. నేనొచ్చేదాక ఎత్తకుర్రి."

"ఒకటో నంబరును వదినా. గోల్ కీపర్‌ను. యాదికున్ననా?"

వీళ్లంతా నలభై, యాభై ఏళ్ల మనుషులు. ఒకాయన బ్యాంకులో మేనేజరు. ఒకాయనకు ఎల్బీ నగర్‌లో టైర్ల షాపు ఉంది. వాళ్ల పేర్లు నాకు తెలియవు. అత్తమ్మకు కూడా తెలియవు. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కాలేజీలో ముప్పై ఏళ్లు గేమ్స్ రూమ్ ఆయాగా పనిచేసింది. నల్గొండ పల్లె నుంచి వచ్చిన మనిషి, బడికి పోలేదు. అక్షరాలు రావు, అంకెలు వచ్చు. బస్సు నంబరు చదివేది, గడియారం చదివేది, ఫుట్‌బాల్ ఆడే పిల్లల చొక్కా వెనక అంకె చదివేది. ఆ అంకే వాళ్ల పేరు. పిల్లలు మారినా అంకెలు మారవు కాబట్టి పాత తొమ్మిది, నడిపి తొమ్మిది, కొత్త తొమ్మిది అని వాళ్లను వరసపెట్టి గుర్తుంచుకునేది. "నడిపి తొమ్మిదికి బిడ్డ పుట్టిందంట" అంటే మా ఇంట్లో అందరికీ అర్థమయ్యేది.

ఆమె గురించి రాయడానికి కూర్చుంటే ఏడుపు వస్తుందనుకున్నాను. వచ్చింది కూడా. కానీ అంతకంటే ఎక్కువగా గుండె తేలిగ్గా ఉంది. ఎందుకంటే ఆమె విషయంలో నేను ఒక తప్పు చేశాను. అది ఆమెకు చెప్పకముందే ఆమె వెళ్లిపోతుందేమోనని దాదాపు ఏడాది భయపడుతూ బతికాను. చదివేవాళ్లు నన్ను ఏమనుకున్నా సరే, ఆ సంగతి దాచకుండా రాస్తాను.

నేను పదో తరగతి పాసై ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో మా డాబా మీద ఎప్పుడూ చొక్కాలు ఆరుతూ ఉండేవి. అన్నీ ఒకే నీలం రంగు. ఒకటి నుంచి పదహారు దాకా అత్తమ్మ వరసగా ఆరేసేది. పక్కింట్లో కొత్తగా కిరాయికి దిగినామె ఒకరోజు అడిగింది, "మీకు ఎంతమంది కొడుకులమ్మా?" అని.

"పదిహేడు," అంది అత్తమ్మ. "ఒక్కడు నాకు పుట్టిండు. పదహారు మంది ఆడనీకి వచ్చిండ్రు."

మ్యాచ్ ఉన్న రోజు తెల్లవారగానే గ్రౌండ్‌లో సున్నం గీతలు వేసేది. నడుమ మేకు కొట్టి, దానికి తాడు కట్టి, తాడు చివర పట్టుకొని వంగి వంగి తిరుగుతూ గుండ్రం గీసేది. ఎవరు సాయం వచ్చినా తాడు ఇచ్చేది కాదు. "గీత సక్కగుంటే పోరలు సక్కగ ఆడ్తరు" అనేది. కొత్తపేట పండ్ల మార్కెట్ నుంచి బత్తాయిలు తెచ్చి, నాలుగు ముక్కలుగా కోసి, ఉప్పు చల్లి, ఆట మధ్య విరామంలో ఒక్కొక్కరి చేతిలో పెట్టేది. ఓడుతున్నప్పుడు ఉప్పు కొంచెం ఎక్కువ పడేది. అది శిక్ష అని ఆమె ఒప్పుకోలేదు, చెయ్యి జారిందనేది.

అప్పట్లో ఆ కాలేజీ జట్టంటే ఊరంతా పేరు. ఆటలు నేర్పే పీడీ సారు తెల్లవారుజామున సైకిల్ మీద వచ్చి పిల్లలను నిద్రలేపి మరీ గ్రౌండ్‌కు తోలుకొచ్చేవారు. తరవాత ఆయన రిటైరయ్యారు. ఆ ఉద్యోగం ఖాళీగానే ఉండిపోయింది. ఆటల బాధ్యత కామర్స్ చెప్పే సారుకు అప్పగించారు. పాపం, ఆయనకు బాల్‌లో గాలి ఎంత ఉండాలో కూడా తెలియదు. గ్రౌండ్‌లో సగం కార్లు పెట్టుకోవడానికి పోయింది. మిగిలిన సగంలో ఫుట్‌బాల్ ఆడే జాగా లేదు కాబట్టి మ్యాచ్‌లు ఎల్బీ నగర్ అవతలి గ్రౌండ్‌కు మారాయి. పిల్లలు పొద్దున ఒక కోచింగ్, సాయంత్రం ఒక కోచింగ్. ప్రాక్టీసు లేకుండా నేరుగా మ్యాచ్‌కు వచ్చేవాళ్లు.

అత్తమ్మ కూడా రిటైరైంది. కానీ మ్యాచ్‌లకు రిటైర్ కాలేదు. మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమెను షేర్ ఆటోలో తీసుకెళ్లే పని నాది. మ్యాచ్‌లు ఎక్కువగా శనివారాలే. నాకు శనివారం ఉపవాసం. ఎండలో, ఖాళీ కడుపుతో, నాకు అర్థం కాని ఆట ముందు కూర్చొని, మా జట్టు ఓడిపోవడం చూసేదాన్ని. ఏళ్ల తరబడి చూశాను.

అత్తమ్మ మాత్రం కూర్చునేది కాదు. గీత పక్కన నిలబడి తిట్టేది.

"ఒరేయ్ అయిదో నంబరూ! బాల్‌ను గట్ల సూస్తవేందిరా, పెండ్లిచూపులకు వచ్చినవా?"

"ఏడో నంబరూ, ఉర్కురా! ఆటో కోసం నిలబడ్డవా ఆడ?"

అవతలి జట్టువాళ్లు కూడా నవ్వేవాళ్లు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. నెమ్మదిగా గోవింద నామాలు చదువుకునేదాన్ని. ఒకసారి అత్తమ్మ నా వైపు తిరిగి, "జర గట్టిగ సదువే! గా గోల్ కీపర్‌కు వినబడాలె. దేవుడన్న ఆపుతడేమో బంతిని" అంది.

ఇంటికి వచ్చాక అన్నం ముట్టేది కాదు. బీపీ పెరిగేది. మా ఆయన కోప్పడేవాడు. "వాళ్లు ఓడితే నీకేందమ్మా? జీతమిస్తున్నరా ఇప్పుడు?" అనేవాడు. ఆమె జవాబు చెప్పకుండా నన్ను పిలిచేది. "కాగితం తీస్కరా పిల్లా. రాయి."

ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం. ఓడిన ప్రతిసారీ కాదు, బాగా కడుపు మండినప్పుడు. ఆమె మంచం మీద కూర్చొని చెప్పేది, నేను కింద కూర్చొని రాసేదాన్ని.

"రాయి. ఓ సారూ, గ్రౌండ్ అంటే నీ కారు పండవెట్టుకునే జాగనా? నీ కారుకున్న ఇజ్జత్ మా పోరలకు లేదా? సిగ్గున్నదా నీకు? రాసినవా?"

"రాసిన అత్తమ్మా."

నేను రాసింది ఇది: "గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి నమస్కారములు. మైదానంలో వాహనములు నిలుపుట వలన విద్యార్థుల సాధనకు కొంత అసౌకర్యము కలుగుచున్నదని వినయపూర్వకముగా మనవి."

బళ్లో లీవ్ లెటర్ ఎలా నేర్పారో అలా రాశాను. అంత చదువుకున్న పెద్దమనిషిని సిగ్గుందా అని నా చేత్తో ఎలా రాయను? పొద్దున దేవుడికి పూలు పెట్టే చెయ్యి అది. రాయలేకపోయాను. అక్కడితో ఆగినా బాగుండేది. అత్తమ్మ "ఏం రాసినవో సదువు" అనేది. అప్పుడు నేను కాగితం ముందు పెట్టుకొని, అందులో లేని మాటలు, ఆమె చెప్పిన మాటలే గుర్తుపెట్టుకొని చదివినట్టు చెప్పేదాన్ని. ఆమె తల ఊపేది. "సక్కగ రాసినవ్ బిడ్డా" అని మెచ్చుకునేది. నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. కానీ మళ్లీసారి కూడా అలాగే చేసేదాన్ని.

ఉత్తరం ఆమే వెళ్లి కాలేజీ ఆఫీసులో ఇచ్చేది. ప్రిన్సిపాల్ గారు గేటు దగ్గర ఎప్పుడైనా ఎదురైతే రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టేవారు. ఆయన గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. అత్తమ్మ నా చెవిలో చెప్పేది, "సూసినవా, నా ఉత్తరమంటే ఎట్ల వణుకుతుండో!"

నేను తల దించుకునేదాన్ని.

నిరుడు ఒక శనివారం మ్యాచ్‌కు మా జట్టు తరఫున ఎనిమిది మందే వచ్చారు. ఇద్దరు జీన్స్ ప్యాంట్లలో ఉన్నారు. ఒకడి చొక్కాకు వెనక నంబరే లేదు. అత్తమ్మ వాడిని చాలాసేపు చూసింది, వాడిని ఏమని పిలవాలో ఆమెకు తెలియలేదు. ఆ రోజు ఆమె నిలబడలేదు. అరవలేదు. ఎన్ని గోల్స్ పడ్డాయో నేను లెక్కపెట్టలేదు, ఆమె కూడా పెట్టలేదు. విరామంలో బత్తాయి ముక్కలు పంచి వచ్చి నా పక్కన కింద కూర్చుంది. "పోదాం పా" అంది. ఆట మధ్యలో లేచి రావడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

ఇంటికొచ్చి చెప్పింది: "రాయి. నడిపిస్తే సక్కగ నడిపియ్యి. లేకుంటే బంద్ వెట్టి ఇంట్ల కూసో. నలుగుట్ల మా ఇజ్జత్ తియ్యకు."

నేను ఇలా రాశాను: "జట్టును నిర్వహించుట మీకు కష్టముగా ఉన్నచో, విద్యార్థులను ఇబ్బంది పెట్టక కొంతకాలము నిలిపివేసినను మేము అర్థము చేసుకొనగలము."

పదిహేను రోజులకు కాలేజీ ముద్రతో జవాబు వచ్చింది. అంతకు ముందు ఏ ఉత్తరానికీ జవాబు రాలేదు. మా ఇంటి గేటు దగ్గరే నిలబడి చదివాను. మీవంటి శ్రేయోభిలాషులే ఈ సలహా ఇచ్చిన తరవాత మాకు ధైర్యం వచ్చింది, ఈ ఏడాది నుంచి ఫుట్‌బాల్ జట్టును పోటీలకు పంపడం ఆపేస్తున్నాం, మీ సహృదయతకు కృతజ్ఞతలు అని ఉంది.

అత్తమ్మ నోట్లో అది తిట్టు. సిగ్గు తెచ్చుకొని సరిగా నడుపుతాడని తిట్టిన తిట్టు. దాన్ని నేను అనుమతి పత్రం చేసి ఇచ్చాను. ఆ కాగితాన్ని దేవుడి పటాల వెనక దాచాను. దాచడానికి మరో చోటు దొరకనట్టు అక్కడే ఎందుకు పెట్టానో నాకే తెలియదు. రోజూ దీపం పెట్టేటప్పుడు అది కనిపించేది.

జట్టు ఆగిపోయిన సంగతి అత్తమ్మకు ఫోన్‌లో పాత నాలుగో నంబరు చెప్పాడు. "బంద్ వెట్టిండా?" అని ఒక్కమాట అడిగింది. ఫోన్ నాకిచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తరవాత ప్రతి శనివారం మధ్యాహ్నం అలాగే గోడ వైపు తిరిగి పడుకునేది. పలకరిస్తే పలికేది కాదు. కొన్నాళ్లకు కాళ్లకు వాపులొచ్చాయి. ఎల్బీ నగర్‌లో దవాఖానకు తీసుకెళ్తే గుండె బలహీనమైందన్నారు. నాకు మాత్రం ఆ గుండెను నేనే బలహీనం చేశానని అనిపించేది.

మా ఆయనకు చెప్పాను. ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడు చెప్తే అమ్మ తట్టుకుంటదా? అది గట్లనే ఉండనియ్యి. నీ దేవునికి చెప్పుకో, చాలు" అన్నాడు. దేవుడికి చెప్పుకున్నాను. కానీ తప్పు చేసింది దేవుడికి కాదు కదా.

దవాఖాన నుంచి ఇంటికి పంపేశాక ఒక శనివారం మధ్యాహ్నం, ఆమె మళ్లీ గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. నేను కాగితం తీసుకొని మంచం పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, నీకొక మాట చెప్పాలె."

"చెప్పు."

"ఇటు తిరుగు."

"అట్లనే చెప్పు, ఇనవడ్తది."

చెప్పాను. మొదటి ఉత్తరం నుంచి చివరి ఉత్తరం దాకా. నేను ఏం రాశానో, ఏం చదివానో, ప్రిన్సిపాల్ గారు ఏం జవాబిచ్చారో అంతా చెప్పాను. చెబుతున్నంతసేపు ఆమె వీపే చూస్తున్నాను. ఏడుస్తూనే జవాబు చదివి వినిపించాను. ఈసారి కాగితంలో ఉన్నదే చదివాను.

చదవడం అయ్యాక ఆమె ఇటు తిరిగింది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"అయితే బంద్ వెట్టిచ్చింది నువ్వా?"

"అవు అత్తమ్మా."

"మంచిపని చేసినవ్."

నేను తప్పుగా విన్నాననుకున్నాను.

"నిజం చెప్తున్ననే. వాళ్లు ఆడకుంటే ఓడేది లేదు గద. ఇన్నేండ్లల్ల శనివారం కడుపుల సల్లగ ఉన్నది ఇప్పుడే. మ్యాచ్ ఉన్నదంటే పోకుండ ఉండలేను. పోతే చూడలేను. ఎట్ల చావాలె?"

"మరి గోడ దిక్కు తిరిగి పండుకుంటవు గదా. నేను ఏడుస్తున్నవనుకున్న."

"ఏడ్సనీకి కాదే పిచ్చిదానా! నిమ్మలంగ ఉన్న అని మీకు తెల్వొద్దని. ముప్పై ఏండ్లు పనిచేసిన, టీమ్ పోతే సంబురపడ్తున్న అంటే మంది ఏమనుకుంటరు? గా నాలుగో నంబరు ఏమనుకుంటడు?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమె తన సంతోషాన్ని దాచుకుంటే, నేను నా తప్పును దాచుకున్నాను. ఒకే ఇంట్లో, ఒకే గదిలో. నాకు ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఎన్ని నెలల తరవాతో నా ఊపిరి పొట్ట దాకా వెళ్లింది.

ఆమె కూడా నవ్వబోయి మధ్యలో ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి.

"ఆగు. అంటే... గా సారుకు నేను తిట్టినట్టే తెల్వదా?"

నేను చేతిలోని కాగితాన్ని మళ్లీ మడవసాగాను.

"ఒక్క తిట్టు గూడ పోలేదా? కారుది? సిగ్గుందా అన్నది?"

"పోలేదు అత్తమ్మా."

"మరి గేటు కాడ దండం ఎందుకు పెట్టేటోడు?"

"నువ్వు చాలా మర్యాద గల మనిషివని."

ఆమెకు కోపం రాబోయింది. వచ్చేలోపే నవ్వొచ్చింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. దిండు కింద నుంచి రుమాలు తీసి నా మొహం మీదికి విసిరింది. "సంపినవ్ గదనే నన్ను! నా ఇజ్జతంత తీసినవ్! నేనేదో పులినని తిరుగుతున్న, నన్ను ఆవును చేసినవా?" మా ఆయన లోపలికి తొంగి చూసి, మేమిద్దరం నవ్వడం చూసి భయపడి మళ్లీ బయటికి వెళ్లిపోయాడు.

దగ్గు తగ్గాక నీళ్లు తాగి, దిండుకు ఆనుకొని కూర్చుంది.

"కాగితం తీస్కరా. రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి. ఒక్క గారు గూడ పెట్టకు."

రాశాను. నా జీవితంలో ఎన్నడూ రాయని మాటలు రాశాను. ఒకచోట కలం ఆగితే, "రాయి, నీ దేవుడు కండ్లు మూసుకుంటడు తీ" అంది. పూర్తయ్యాక చదివి వినిపించాను. ఒక్కొక్క తిట్టు దగ్గర కళ్లు మూసుకొని, పాట విన్నట్టు విన్నది. అంతా విన్నాక పడుకుంది. ఆ రోజు గోడ వైపు తిరగలేదు.

తరవాత పదిరోజులే ఉంది. నొప్పి లేకుండా, నిద్రలో వెళ్లిపోయింది. దహనానికి నంబర్లన్నీ వచ్చాయి. పాత తొమ్మిది, నడిపి తొమ్మిది చెరో వైపు పాడె పట్టారు. పన్నెండు రోజుల కర్మ అయ్యాక, నేను తలస్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకొని, ఆ ఉత్తరం తీసుకొని ఒక్కదాన్నే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను.

ప్రిన్సిపాల్ గారు కూర్చోమన్నారు. "మీ అత్తగారు పోయారని విన్నానమ్మా. ఎంత సంస్కారం ఉన్న మనిషండీ ఆవిడ. ఆవిడ ఉత్తరాలన్నీ దాచుకున్నాను" అని బీరువాలోంచి ఒక ఫైలు తీసి చూపించారు. అంతా నా చేతిరాత. వరసగా, అన్ని నమస్కారములూ, అన్ని మనవులూ.

"సార్, అవి నావి," అన్నాను. "ఇది ఆమెది. ఇదొక్కటే."

ఆయన విప్పారు. మొదటి వరస చదివి కళ్లజోడు సరిచేసుకున్నారు. మళ్లీ చదివారు. కాగితం నాకే తిరిగి ఇచ్చారు. "నాకు కొన్ని మాటలు అర్థం కావడం లేదమ్మా. మీరు చదవండి."

చదవడం మొదలుపెట్టాను. నా గొంతు ఎప్పుడూ చిన్నదే. మొదటి రెండు వరసలు ఆ గొంతుతోనే చదివాను. అది కుదరలేదు. ఆ మాటలు అంత మెల్లగా చదవడానికి రావు. మూడో వరస నుంచి గొంతు దానంతటదే పెరిగింది. కారు మాట వచ్చింది, సిగ్గు మాట వచ్చింది, కామర్స్ సారు మాట, నంబరు లేని చొక్కా మాట వచ్చాయి. బయట టైపు కొట్టే చప్పుడు ఆగిపోయింది. నేను ఆగలేదు. చివరి వరసల దగ్గరికి వచ్చాను.

"ఇన్నేండ్లు నువ్వు ఓడగొట్టినవ్, నేను చూసిన. ఇంక నేను చూడ. నేను పోయినంక మళ్ల మొదలువెట్టు. నాకు బీపీ లెవ్వదు, నీకు తిట్లు రావు. మంచి సారును పెట్టు. పోరలను పొద్దుగాల లేపు. పోరలది ఏం తప్పు లేదు."

కాగితం దించి చూశాను. ప్రిన్సిపాల్ గారు ఎప్పుడు లేచారో తెలియదు, కుర్చీ వెనక్కి జరిగి ఉంది. బల్ల అంచు మీద ఒక చెయ్యి ఆనించి, తల కొంచెం వంచి, తరగతిలో లేపి నిలబెట్టినట్టు నిలబడి ఉన్నారు. తలుపు దగ్గర ఆఫీసువాళ్లు ముగ్గురు. వాళ్లలో ఒకామె చేతిలో టీ గ్లాసు నోటి దాకా వెళ్లి అక్కడే ఆగిపోయి ఉంది.